షెడ్డు దాటని పర్యటనలు

మా కార్యాలయం పేరు చెప్పను. చెబితే మిగతా కార్యాలయాల వాళ్లు ఆ ఘనత తమకు దక్కలేదని నొచ్చుకుంటారు. జిల్లాలో చిన్న వంతెనలు, చప్టాలు ఎలా ఉన్నాయో అధికారి స్వయంగా వెళ్లి, కళ్లారా చూసి, నివేదిక రాయాలి. అదీ మా పని. అలా వెళ్లడానికే ప్రభుత్వం మాకొక తెల్ల కారు ఇచ్చింది. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటును, పేరు రాజలింగం. కారు ఎప్పుడు బయల్దేరింది, ఎక్కడికి పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది అని లాగ్‌బుక్కులో రాసే చెయ్యి నాదే. ఈ కథలో జరిగిన పాపంలో నా వాటా ఎంతో మీరే తేల్చుకోవచ్చు.

కారు వచ్చిన మూడో నెలలో ఒకే కవరులో రెండు ఉత్తర్వులు వచ్చాయి. పొదుపు పాటించవలసి ఉన్నందున పర్యటనలకు పెట్రోలు నిలిపివేయడమైనది అని మొదటిది. తిరగని వాహనాలు పాడైపోతాయి కనుక, దీర్ఘకాలం నిల్వ ఉంచే వాహనాల సంరక్షణకు పెట్రోలు మంజూరు చేయడమైనది అని రెండోది. కారు కదిలితే చుక్క కూడా దొరకదు, కదలకుండా ఉంటే ట్యాంకు నిండుగా ఉంటుంది. రెండింటి కిందా సంతకం ఒక్కరిదే.

మా అధికారి పరాంకుశం గారు ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చదివారు. ఇంకొకరైతే నవ్వేవారు. ఆయన మాత్రం కళ్లజోడు తుడుచుకుని, "రాజలింగం, ఈ రెండు ఉత్తర్వుల మధ్య ఎలాంటి వైరుధ్యమూ లేదు. సంరక్షణ అనేది కూడా ఒక కార్యకలాపమే. దానిని సంపూర్ణంగా నిర్వర్తిద్దాం" అన్నారు. సంపూర్ణంగా అనే మాట ఆయన నోట వచ్చిందంటే మా గుండెల్లో రాయి పడుతుంది.

రెండో ఉత్తర్వుకు పద్నాలుగు సూత్రాలు జతచేసి ఉన్నాయి. కారుకు నూలు ముసుగు వేయాలి. ట్యాంకులో చెమ్మ చేరకుండా పెట్రోలు నిండా పోసి ఉంచాలి. ఎలుకలు దూరకుండా పొగగొట్టానికి జాలీ కట్టాలి. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచకూడదు, అది పట్టేస్తుంది. టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా కారును నాలుగు ఇనుప స్టాండ్ల మీదికి ఎత్తాలి. వారానికొకసారి ఇంజను గంటసేపు నడిపి, గేరు వేసి, చక్రాలు తిప్పాలి.

మంచి సూత్రాలే, కాదనను. ఇంట్లో కారు ఉన్నవాళ్లు పాటించదగ్గవే. మేము సైకిల్ స్టాండు ఖాళీ చేయించి, మూడువైపులా గోడ కట్టించి, కారును అందులో ఎత్తి కూర్చోబెట్టాం. మా స్కూటర్లు ఎండకు ఎండి వానకు తడిశాయి. ముసుగు కుట్టడానికి దర్జీ వచ్చి కారు కొలతలు తీసుకున్నాడు. ఎలుకలు కారు జోలికి రాలేదు. జాలీలు, కలరా ఉండలు చూసి విసుగుపుట్టి మా రికార్డు గదిలోకి మారాయి.

డ్రైవరు జహంగీర్ ఇరవై రెండేళ్లు లారీ తోలి వచ్చినవాడు. ఘాట్ రోడ్ల మీద సరుకు దించిన చేతులవి. గురువారం గురువారం స్టాండ్ల మీది కారులో కూర్చుని గంటసేపు గాలిలో చక్రాలు తిప్పమంటే మొదట్లో సిగ్గుపడ్డాడు. అద్దాలు పైకెక్కించుకుని, తువ్వాలు అడ్డం పెట్టుకుని తిప్పేవాడు. ఒకరోజు తలగోక్కుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"రాజలింగం సాబ్, పొద్దుగాల మీటర్ల ఎంతున్నదో రాసుకున్న. గిప్పుడు జూస్తే ముప్పైఆరు కిలోమీటర్లు ఎక్కువున్నది. బండి పోయింది గని, యాడికి పోయిందో నాకు దెల్వది."

నాకూ తెలియలేదు. కానీ లాగ్‌బుక్కులో 'ఎక్కడికి' అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకూడదు. నాలుగు వారాలు వదిలి చూశాను. పైనుంచి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి పుస్తకం తిరగేసి, 'నూటనలభైనాలుగు కిలోమీటర్ల ప్రయాణం గమ్యరహితంగా జరిగినట్టు కనబడుతున్నది, సంజాయిషీ పంపాలి' అని రాసి వెళ్లాడు. కారును షెడ్డులో చూసే వెళ్లాడు. దాని బానెట్ మీద చెయ్యి ఆనించే ఆ మాట రాశాడు.

పరాంకుశం గారు ఆ రోజు భోజనం మానేసి ఆలోచించారు. సాయంత్రం నన్ను, జహంగీర్‌ను పిలిచి అడిగారు.

"చక్రం తిరిగిందా?"

"తిరిగింది సార్."

"దూరం నమోదైందా?"

"అయ్యింది సార్."

"చక్రం తిరిగి, దూరం నమోదైతే దానిని పర్యటన అంటారు. నిబంధనావళిలో ఎక్కడా చక్రం నేలను తాకవలెనని లేదు. నేను రెండుసార్లు చదివాను. మనం చూడవలసిన చప్టాల జాబితా తీయి. పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, వెళ్లి వస్తే ముప్పైఆరు అయ్యేది ఏది?"

జాబితా తీశాను. నా వేలు ఒక పేరు దగ్గర ఆగింది. అది ఊటపల్లి. లెక్కకు సరిగ్గా అతికింది కాబట్టి ఆ ఊరి పేరు చెప్పాను, అంతకుమించి కారణం లేదు. ఆ ఊరికి అంత పెద్ద కీడు అంత తేలిగ్గా ఎవరూ చేసి ఉండరు.

అయితే పరాంకుశం గారు నీతి గల మనిషి. కారు ఒక్కటే పోయి రావడం ఆయన మనసు ఒప్పుకోలేదు. "అధికారి లేని తనిఖీ చెల్లదు" అని, తర్వాతి గురువారం తానే వెనక సీట్లో కూర్చున్నారు. ఎండకు టోపీ, మంచినీళ్ల సీసా, టిఫిన్ డబ్బా తెచ్చుకున్నారు. అటెండరు సమ్మయ్య తలుపు తీసి నమస్కారం పెట్టాడు. మూడు గంటలకు బండి బయల్దేరింది, అంటే చక్రాలు తిరిగాయి. ఎదురుగా గోడ, గోడ మీద పోయినేటి క్యాలెండరు.

"కొంచెం నెమ్మది జహంగీర్. ఊరి మధ్య నుంచి పోతున్నాం, పిల్లలు అడ్డం వస్తారు" అన్నారు ఆయన పది నిమిషాల తర్వాత.

జహంగీర్ బ్రేకు తొక్కాడు. ఒకసారి హారను కూడా కొట్టాడు. పనిమంతుడు ఏ పని చేసినా పనితనం చూపకుండా ఉండలేడు. రెండో వారానికి మలుపుల దగ్గర స్టీరింగు తిప్పడం, రైల్వే గేటు పడిందని అయిదు నిమిషాలు ఆపడం కూడా మొదలుపెట్టాడు. పంక్చర్ అయిందని దిగి, గాలిలో ఉన్న చక్రాన్ని విప్పి మళ్లీ బిగించిన రోజు కూడా ఉంది. పరాంకుశం గారు మూడో కిలోమీటరు దగ్గర కునుకు తీసేవారు. ఊటపల్లి రాగానే జహంగీర్ లేపేవాడు. ఆయన అద్దంలోంచి గోడ వంక చూసి నివేదిక చెప్పేవారు, నేను రాసుకునేవాణ్ణి.

'స్థలమును స్వయముగా దర్శించితిని. నిర్మాణము స్థిరముగా ఉన్నది. ఎట్టి కదలికయు గోచరించలేదు.'

గోడ నిజంగానే స్థిరంగా ఉంది.

వానాకాలం ముందు ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, ఊటపల్లి నుంచి కొమురవ్వ అనే ఆమె వచ్చింది. యాభై దాటిన మనిషి. చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి. వాగు దాటి వచ్చానంది. అర్జీ నా చేతికిచ్చి నిలబడే మాట్లాడింది.

"సారూ, మా వాగు మీది చప్టకు నడిమిట్ల ఇంత బొంద పడ్డది. బండ్లు వస్తలెవ్వు. అంబులెన్సోల్లు గా ఒడ్డుకే ఆగుతమంటున్నరు. నా కోడలు కడుపుతోని ఉన్నది, ఇంకో నెలన్నర. పోయినేడు వానలల్ల మా వాడకట్టు పోరి గా వాగు ఒడ్డుకే కన్నది. పిల్ల దక్కలే. మీ పెద్దసారు ఒక్కపారి వచ్చి కండ్లతోని జూస్తే చాలు."

నేను ఫైలు తీశాను. ఏం చెప్పాలో ఫైల్లోనే ఉంది.

"సారు వచ్చి చూశారమ్మా. ఏడుసార్లు."

కొమురవ్వ నా మొహం వంక చూసింది. "ఎప్పుడొచ్చిండ్రు? మా ఊర్ల కుక్క గూడ మొరగలే."

ఆ మాటకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. అయినా ఉద్యోగం చేసే నాలుక దాని పని అది చేసుకుపోతుంది. ఆయన రాలేదని మీరంటే, రాలేదని ధ్రువపత్రం తీసుకురావాలని చెప్పాను. వచ్చారనడానికి మా దగ్గర పుస్తకం ఉంది, రాలేదనడానికి మీ దగ్గర ఏముంది అన్నాను. ఆమె వెళ్లిపోయింది. ఆ గురువారమే పంచాయతీ ముద్ర వేయించుకుని, 'మా గ్రామమునకు ఏ అధికారియు రాలేదు' అన్న కాగితంతో వచ్చింది.

గురువారం మధ్యాహ్నం మూడుంపావుకు వచ్చింది. గేటు దగ్గర సమ్మయ్య ఆమెను ఆపి, "సారు లేడవ్వా. మీ ఊరికే పోయిండు" అన్నాడు. వాడు అబద్ధమాడలేదు, పర్యటనల బోర్డు మీద అలాగే రాసి ఉంది.

కొమురవ్వకు షెడ్డులోంచి ఇంజను చప్పుడు వినిపించింది. అటు నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను గానీ అప్పటికే ఆలస్యమైంది. ఆమె ముందు గాలిలో తిరుగుతున్న చక్రాలను చూసింది. తర్వాత స్టీరింగు పట్టుకున్న జహంగీర్‌ను, వెనక సీట్లో టోపీ పెట్టుకున్న పరాంకుశం గారిని చూసింది. అరుస్తుందనుకున్నాను. ఆమె వెనక తలుపు తీసి, చెప్పులు కింద విడిచి, ఆయన పక్కన కూర్చుంది.

"మా ఊరికే పోతున్నరట గద సారూ. నన్ను గూడ దింపుండ్రి."

పరాంకుశం గారు క్షణం కూడా తడబడలేదు. "కూర్చోమ్మా. ప్రజలతో మమేకమై ప్రయాణించడం మా విభాగపు ఆశయం" అన్నారు. జహంగీర్ మాత్రం అద్దంలో తల దించుకున్నాడు. ఇంకో పావుగంట చక్రాలు తిరిగాయి.

"ఊటపల్లి వచ్చింది సార్" అన్నాడు జహంగీర్.

కొమురవ్వ దిగి, చెప్పులు తొడుక్కుని, షెడ్డంతా ఒకసారి కలియజూసింది. "ఇది మా ఊరేనా సారూ?"

"రికార్డు ప్రకారం ముమ్మాటికీ."

"అయితే నా కోడలిని పిలువుండ్రి. మాట్లాడి పోత."

పరాంకుశం గారు నిబంధనావళి కోసం సీటు మీద తడుముకున్నారు. ఆమె వెళ్లిపోతూ జహంగీర్ ఫోను నంబరు అడిగి తీసుకుంది. ఆ రోజు నివేదికలో పరాంకుశం గారు కొత్త వాక్యం చేర్చమన్నారు: 'ఈ తనిఖీ గ్రామస్తురాలు శ్రీమతి కొమురవ్వ సమక్షమున జరిగినది.' పంచాయతీ ఇచ్చిన కాగితాన్ని దాని వెనక గుచ్చమన్నారు. గుచ్చాను. ఆ గుండుసూది ఇప్పటికీ నా వేలికి గుచ్చుకున్నట్టే ఉంటుంది.

నెల గడిచింది. మధ్యలో మూడు గురువారాలు సెలవులకూ సమావేశాలకూ పోయాయి. మిగిలిన ఒక్క గురువారంతో ఊటపల్లి పర్యటనలు తొమ్మిదయ్యాయి. పదో దాని నాడు పొద్దుటి నుంచీ వాన ముసురుపట్టి ఉంది. నేను అలవాటు ప్రకారం ఉదయమే లాగ్‌బుక్కు నింపేశాను. బయల్దేరినది మూడు గంటలకు, తిరిగి చేరినది నాలుగున్నరకు. మూడు గంటలకు పరాంకుశం గారు సీట్లో కూర్చుని, మూడో కిలోమీటరు దగ్గర యథావిధిగా నిద్రపోయారు.

అప్పుడు జహంగీర్ ఫోను మోగింది. విని, ఇంజను ఆపి దిగాడు. మొహంలో రక్తం లేదు.

"కొమురవ్వ చేసింది సాబ్. కోడలికి నొప్పులు లేసినయట. అంబులెన్సు ఇవుతలి ఒడ్డుకే ఆగుతదట, ఎప్పుడొస్తదో గూడ దెల్వదట. పిల్ల నడిచేటట్టు లేదు." స్టాండ్ల వంక చూశాడు. "ట్యాంక్ నిండ పెట్రోల్ ఉన్నది సాబ్. కొత్త టైర్లు. బ్యాటరీ మంచిగున్నది. జిల్లల గింత తయారుగున్న బండి ఇంకోటి లేదు."

అది నిజం. నెలల తరబడి మేము చేసిన సంరక్షణకు ఆ ఒక్క రోజు అర్థం కనబడింది. చొక్కా చేతులు మడుచుకుని జాకీ అందించాను. కారు ఒక పక్కకు ఒరగగానే లోపల పరాంకుశం గారు కదిలి, "ఏమైంది?" అన్నారు కళ్లు తెరవకుండా.

"పంక్చర్ సార్. పండుకోండ్రి" అన్నాడు జహంగీర్.

ఒక్కొక్క స్టాండూ లాగాను. ఇన్ని నెలల తర్వాత కారు నేల మీద నిలబడింది. సమ్మయ్య గేటు తీశాడు. అంతే, వానలోకి వెళ్లిపోయింది.

తర్వాత జరిగింది జహంగీర్ చెప్పగా రాస్తున్నాను. మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే పరాంకుశం గారు ఎగిరి టోపీ కప్పుకు కొట్టుకుని లేచారు.

"జహంగీర్! ఏమిటీ కుదుపు?"

"రోడ్డు సార్."

ఆయన కిటికీలోంచి చూశారు. గోడ లేదు, క్యాలెండరు లేదు. తడిసిన చేలు వెనక్కి పరిగెడుతున్నాయి. "ఎవరి అనుమతితో?" అని అరిచారు, ఆపమన్నారు, మెమో ఇస్తానన్నారు. జహంగీర్ వినిపించుకోలేదు. వాగు దగ్గర ఆపి, చప్టా చూపించి, "ఇగో సార్, ఊటపల్లి చప్ట. మీరు తొమ్మిదిసార్లు తనిఖీ చేసిండ్రు" అన్నాడు.

పరాంకుశం గారు దిగి, గొడుగు కూడా లేకుండా చప్టా మీద నడిచారు. నడిమధ్యలో సిమెంటు ఊడి, ఇనుప చువ్వలు తేలి, మనిషి పట్టేంత బొంద. కింద నీళ్లు సుడి తిరుగుతున్నాయి. ఊరివాళ్లు ఎవరింటివో రెండు తలుపులు పీకి తెచ్చి దాని మీద పరిచారు. ఆయన వాటి మీదుగా నడిచి అవతలి ఒడ్డుకు చేరారు. జహంగీర్ ఆ తలుపుల మీదుగా కారును అవతలికి తీసుకుపోయి, కోడలిని వెనక సీట్లో పడుకోబెట్టించి, పక్కన ఆశా కార్యకర్తను, ముందర కొమురవ్వ కొడుకును ఎక్కించుకుని తిరిగి వచ్చాడు. వెనక చక్రాలు దాటీ దాటగానే తలుపులు విరిగి, బొంద అంచు పెళ్లున కూలింది. కారు అప్పటికే ఇవతలి ఒడ్డుకు చేరింది. పరాంకుశం గారూ, చోటు చాలక ఆగిపోయిన కొమురవ్వా ఊటపల్లి వైపు మిగిలిపోయారు.

సాయంత్రం ఆరు గంటలకు నా బల్ల మీది ఫోను మోగింది.

"రాజలింగం! నేను ఊటపల్లిలో చిక్కుకుపోయాను. తక్షణం ఏదైనా బండి పంపు!"

లాగ్‌బుక్కు నా ముందే తెరిచి ఉంది. ఇరవై ఏడేళ్ల సర్వీసులో నాకంత నెమ్మదిగా, అంత మర్యాదగా మాట్లాడాలని ఎప్పుడూ అనిపించలేదు.

"సార్, రికార్డు ప్రకారం తమరు నాలుగున్నరకే తిరిగి వచ్చేశారు. ఇప్పుడు బండి పంపితే, కార్యాలయంలో ఉన్న అధికారిని తీసుకురావడానికి ఊటపల్లికి ఎందుకు పంపావని నన్ను అడుగుతారు. పైగా పర్యటనల కింద పెట్రోలు లేదు సార్."

ఫోనులో వాన చప్పుడు వినబడింది. తర్వాత కొమురవ్వ గొంతు వినిపించింది, ఫోనుకు దూరంగా.

"చాయ తాగుండ్రి సారూ. పదిపార్లొచ్చిండ్రు, ఒక్కపారన్న మా ఇంట్ల చాయ తాగకపోతిరి."

ఎనిమిదింటికి జహంగీర్ ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా లాగ్‌బుక్కుతోనే తుడుచుకున్నాను.

మర్నాడు వాగు తగ్గాక పరాంకుశం గారు బూట్లు చేత పట్టుకుని, మోకాళ్ల లోతు నీళ్లలో దిగి దాటి వచ్చారు. తన చేత్తో, తన కలంతో నివేదిక రాశారు. 'చప్టా ప్రాణాంతకముగా ఉన్నది. తక్షణము బాగుచేయవలెను.' ఆ ఉద్యోగంలో ఆయన రాసిన మొదటి నిజం అది. చదివి ఆయన మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

పై కార్యాలయం నుంచి వారంలో జవాబు వచ్చింది.

'తమరి గత తొమ్మిది నివేదికల ప్రకారం సదరు చప్టా స్థిరముగా ఉన్నది. పదవ పర్యటన నాడే ప్రాణాంతకమైనది. కనుక తమరి వాహనము నడుచుట వలననే చప్టా ధ్వంసమైనట్లు నిర్ధారించడమైనది. తమరిపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను. టైర్లకు మట్టి అంటించినందుకు డ్రైవరు కూడా విడిగా సంజాయిషీ సమర్పించవలెను.'

కింద ఇంకో పేరా ఉంది. ప్రభుత్వ వాహనం వల్ల ప్రజల ఆస్తికి నష్టం జరిగితే, ఇరవై ఒక్క రోజుల్లో దాన్ని బాగుచేసి తీరాలని నిబంధన ఉందట. కొమురవ్వ అర్జీలకు కదలని నిబంధన కారు పేరు వినగానే లేచి కూర్చుంది. పద్దెనిమిదో రోజుకల్లా ఊటపల్లి వాగు మీద కొత్త చప్టా, రెండు పక్కలా పిట్టగోడతో సహా తయారైంది.

కారు మళ్లీ స్టాండ్లు ఎక్కింది. ఈసారి నాలుగు స్టాండ్లకూ గొలుసు వేసి తాళం పెట్టారు. తాళంచెవి పై కార్యాలయం దగ్గర ఉంటుంది. గురువారం గురువారం జహంగీర్ చక్రాలు తిప్పుతాడు. పరాంకుశం గారికి బదిలీ అయింది. కొత్త అధికారికి నేను లాగ్‌బుక్కు చూపించాను. ఆయన మెచ్చుకుని, ఇంకా దూరపు ఊళ్లు ఏమున్నాయని అడిగారు.

పోయిన సోమవారం కొమురవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి చీర తడవలేదు. చంకలో మనవరాలు ఉంది. కాటుక బొట్టు పెట్టుకుని, నా బల్ల మీది ముద్ర పెట్టె కోసం చేతులు చాస్తోంది. కొత్త అర్జీ ఏదని అడిగాను. లేదంది. నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"మా బడి గోడ ఒరిగింది సారూ. ఇయ్యాలో రేపో పోరగాండ్ల మీద పడెటట్టున్నది. అర్జీ పెడితే మీరు వచ్చి జూసినమంటరు. గది వద్దు. మీ తెల్లకారున్నది గద, గా జహంగీరన్నతోని దాన్నొక్కపారి మా బడి దిక్కు తోలియ్యరాదుండ్రి? గోడకు జరంత తాకినా సాలు."